పాలొమార్ కొండమీది గొప్ప అద్దము

దూరదర్శినియంత్రమునుగూర్చి మన పాఠ్యపుస్తకములలో ఉన్నది స్వల్పము. గొట్టమునకు ఒక కొనను కటకమో దర్పణమో ఉండుననియు, రెండవ కొనను కన్ను పెట్టి చూతురనియు, దూరపు వస్తువులు పెద్దవిగా కనబడుననియు వ్రాసి, ప్రక్కను ఒక పటము వేసి విడిచిపెట్టుదురు. పరీక్షలో ఆ పటమును చక్కగా గీచిన విద్యార్థికి మార్కులు వచ్చును. కాని అట్టి యంత్రమును నిజముగా చేయబూనినవారికి ఏయే చిక్కులు కలిగినవో, చేసినపిమ్మట అది సరిగా ఉన్నదని వారెట్లు నమ్మిరో ఆ పటము చెప్పదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో, కాలిఫోర్నియాయందలి పాలొమార్ కొండమీద 200 అంగుళముల దూరదర్శిని ఒకటి గలదు. దానికి ధనము లభించినది 1928వ సంవత్సరమున; అది నిలుకడగా పనిచేయ మొదలిడినది 1949వ సంవత్సరాంతమున. ఈ యిరువదియొక్క సంవత్సరముల చరిత్రమును చదువరుల యెదుట కొంత విపులముగా పెట్టవలెనని మా కోరిక. దానికంటె పెద్ద యంత్రములు తరువాత పెక్కు వెలసినవి. అయినను నేర్చుకొనువారికి ఇంత బాగుగా పాఠము చెప్పునది మఱియొకటి లేదని మా అభిప్రాయము.

మొదట ఒక పొరపాటు తలపును తొలగింపవలెను. పెద్ద దూరదర్శిని చేయుట నక్షత్రములను పెద్దవిగా చూచుటకొఱకని పలువురు తలంతురు. అది ముఖ్యప్రయోజనము కాదు. వాన కురియునపుడు ముంగిట ఒక చెంబును ఒక గంగాళమును ప్రక్కప్రక్కను పెట్టుడు. చెంబు ఎంత లోతైనను దాని నోటిమీద పడిన చినుకులే దానికి దక్కును. గంగాళము నోరు వెడల్పు గనుక దానికి ఎక్కువ నీరు చేరును. వెలుతురును అట్టిదే. చీకటిలో మన కంటిపాప విచ్చుకొనినను దాని వెడల్పు అంగుళములో మూడవవంతునకు మించదు. 200 అంగుళముల దర్పణము అంతకంటె సుమారు నాలుగైదు లక్షల రెట్లు వెలుతురును పట్టి ఒక్కచోటికి చేర్చును. పైగా కన్ను వెలుతురును నిలువచేసికొనలేదు. ఫోటోగ్రాఫు పలక గంటలకొలది నిలువచేసికొనును. కావున ఈ యంత్రము కంటితో చూచుటకంటె ఫోటోగ్రాఫు తీయుటకే ఉద్దేశింపబడినది.

ఇక కటకము ఏల కాకూడదు? కటకముగుండ వెలుతురు పోవలెను గనుక దానిని అంచున మాత్రమే పట్టుకొనవచ్చును. వెనుకనుండి ఆనిక పెట్టుటకు వీలులేదు. మిక్కిలి పెద్దదైనచో తన బరువునకు తానే వంగిపోవును. 1897లో పనికి వచ్చిన యెర్కిస్ వేధశాలయందలి 40 అంగుళముల కటకమును మించినది ఆ తరగతిలో ఆకాశపరిశీలనకు నిలిచి పనిచేయలేదు. దర్పణమునకో, వెలుతురు ముందువైపు తగిలి మరలిపోవును. వెనుకవైపంతయు ఆనికలకు ఖాళీయే.

యెర్కిస్ యంత్రమును నిర్మింపజేసిన జార్జి ఎల్లరి హేల్ అను పండితుడే పాలొమార్ యంత్రమునకును మూలపురుషుడు. ఆయన 1868లో షికాగో నగరమున జన్మించెను. సూర్యునిగూర్చిన పరిశోధనలలో పేరుపొందినవాడు. అయితే ధనవంతులను ఒప్పించి వారిచేత నక్షత్రశాలలు కట్టించుటలో ఆయనకు గల నేర్పు అంతకంటె తక్కువది కాదు. విల్సన్ కొండమీద 1908లో 60 అంగుళముల దర్పణమును, 1917లో 100 అంగుళముల దర్పణమును నెలకొల్పించెను. ఆ నూరంగుళముల దర్పణముతోనే ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా నీహారికలో చంచల నక్షత్రములను కనిపెట్టి, అది మన పాలపుంతకు వెలుపల నున్న వేఱొక నక్షత్రలోకమని నిరూపించెను. అంతవఱకు ఒక్కటే అనుకొనిన విశ్వములో అట్టి లోకములు లెక్కకు మిక్కిలిగా ఉన్నవని తేలినది. వానిలో దూరముననున్నవి ఆ దర్పణమునకు మసకమచ్చలవలెనే తోచుచుండెను. హేల్ 1928లో ఒక అమెరికా మాసపత్రికలో పెద్ద దూరదర్శినుల ఆవశ్యకతనుగూర్చి వ్యాసము వ్రాసెను. ఆ యేడే రాక్ ఫెల్లరు విద్యానిధివారు కాలిఫోర్నియా సాంకేతిక విద్యాలయమునకు అరువదిలక్షల డాలర్లు ఇచ్చుటకు అంగీకరించిరి.

ధనము వచ్చినది, గాజు ఎక్కడనుండి వచ్చును? ఇదియే మొదటి ప్రశ్న. పెద్ద దర్పణమునకు ప్రధానశత్రువు వేడి. గాజు వేడికి పెరుగును, చలికి కుదియును. పగటి యెండకు వేడెక్కిన గాజు రాత్రి చల్లగాలిలో అన్నిచోట్ల ఒక్కసారి చల్లారదు. అంచు ముందు, నడుము తరువాత. ఆ చల్లారువఱకు ఆకారము మాఱుచునే యుండును. నూరంగుళముల దర్పణము సామాన్యమైన గాజుతో చేసినది గనుక ఈ బాధ దానికి మెండు. స్ఫటికశిలను కరిగించి చేసిన గాజు వేడికి పెరుగుట అత్యల్పము. అందుచేత జనరల్ ఎలెక్ట్రిక్ కంపెనీయందు ఎలిహూ థామ్సన్ అను వృద్ధ శాస్త్రజ్ఞుని ఆధ్వర్యమున స్ఫటికపు దర్పణమును చేయుటకు యత్నించిరి. ఆఱులక్షల డాలర్లు దాటి ఖర్చయ్యెను. చిన్న పలకలు వచ్చినవి కాని పెద్దది రాదని తేలెను. 1931లో ఆ యత్నమును విడిచిరి.

అప్పుడు న్యూయార్కు రాష్ట్రమందలి కార్నింగ్ గాజుకర్మాగారమువారిని ఆశ్రయించిరి. వారు పైరెక్స్ అను గాజును చేయుచుండిరి. ఇండ్లలో పొయ్యిసెగమీదను, మన ప్రయోగశాలలో దీపముమీదను పెట్టినను పగులని గాజుపాత్రలు ఆ తరగతివే. సామాన్యపు గాజు పెరుగుదలలో సుమారు మూడవవంతు మాత్రమే దీని పెరుగుదల. స్ఫటికమంత మంచిది కాదు గాని చేతికి వచ్చునది. జార్జి మెకాలే అను భౌతికశాస్త్రజ్ఞుడు ఆ పనిని నడిపెను. ఆయన తొందరపడలేదు, చిన్న పలకలతో ఆరంభించి, 60 అంగుళములు, 120 అంగుళములు ఇట్లు మెట్టుమెట్టుగా ఎక్కి వచ్చెను.

200 అంగుళముల పలకను నిండుగా పోసినచో దాని బరువు మోయరానిదగును. అందుచేత దాని వెనుకవైపును తేనెపట్టువలె గుంటలు గలదానిగా చేయ నిశ్చయించిరి. మూసలో నూరుకు పైగా ఇటుకమట్టిదిమ్మలను ఉక్కుమేకులతో బిగించి నిలిపి, వాని చుట్టును గాజును పోయుట పద్ధతి. 1934 మార్చి 25వ తేదీన పోత ఆరంభమైనది. చూడవచ్చిన జనము మెండు. కొలిమినుండి గరిటెలతో తెచ్చి కరిగిన గాజును పోయుచుండగా, ఆ వేడికి మేకులు తాళలేకపోయెను. దిమ్మలు కొన్ని ఊడి, గాజుమీద తేలివచ్చెను. అందఱి కన్నులయెదుటనే జరిగిన భంగమిది. మెకాలే ఆ పలకను పాఱవేయలేదు. చల్లార్చు పద్ధతిని పరీక్షించుటకు దానినే వాడుకొనెను. మేకులను వేడికి తట్టుకొను మిశ్రమలోహముతో మార్చి, వానిలోనికి చల్లగాలి పోవునట్లు చేసి, అదే సంవత్సరము డిసెంబరు 2వ తేదీన రెండవసారి పోసెను. ఈసారి దిమ్మలు కదలలేదు.

పోయుట ఒకనాటి పని. చల్లార్చుట పది నెలల పని. వేడి గాజు తొందరగా చల్లారినచో లోపల బిగువులు నిలిచి ఎప్పుడో ఒకనాడు తనంత తానే పగులును. అందుచేత విద్యుత్తుతో వేడిచేయు గూటిలో దానిని పెట్టి, దినమునకు ఒక డిగ్రీకి అటునిటుగా వేడిని తగ్గించుచు వచ్చిరి. 1935 జూలైలో ఆ యూరి ప్రక్కనున్న చెమంగ్ నదికి వరద వచ్చి కర్మాగారములోనికి నీరు చొచ్చెను. పనివారు నీటిలో నిలిచి విద్యుద్యంత్రములను పైకి చేర్చిరి; అయినను సుమారు మూడు దినములు గూటికి విద్యుత్తు లేకపోయెను. ఆ మూడు దినములలో గాజునకు ఏమైనదో గూడు తెఱచువఱకు ఎవరికిని తెలియదు. గూడు తెఱచి పరీక్షింపగా గాజు చెడలేదని తెలిసెను. ఇరువది టన్నుల పలక, పదునాఱడుగుల ఎనిమిదంగుళముల వెడల్పు.

దానిని దేశమునకు ఒక కొననుండి రెండవ కొనకు రైలుమీద పంపిరి. పడుకోబెట్టినచో దారిలోని వంతెనలలో పట్టదు. కావున ఉక్కుపెట్టెలో నిలువుగా నుంచి, నడుము పల్లముగా చేసిన బండిలో దింపిరి. పెట్టె అడుగుకును పట్టాలకును మధ్య కొన్ని అంగుళముల ఎడమే యుండెను. 1936 మార్చి 26న బయలుదేఱి, గంటకు 25 మైళ్లకు మించని నడకతో, ఏప్రిల్ 10న పాసడీనా పట్టణము చేరెను. దారిపొడుగున పల్లెలవారును పిల్లలును పట్టాలప్రక్కను నిలిచి చూచిరట. కనబడినది పెట్టె మాత్రమే.

ఇప్పుడు మేము ఈ వ్యాసమునకు హృదయమనదగిన భాగమునకు వచ్చితిమి. పాసడీనాలో ఈ గాజుకొఱకే కిటికీలు లేని పెద్ద గదిని కట్టిరి. జాన్ ఆండర్సన్ అను శాస్త్రజ్ఞుడు పై అధికారి. చేతిపని నడిపినవాడు మార్కస్ బ్రౌన్. ఈయన పూర్వము విల్సన్ కొండమీద మోటారుబండి తోలినవాడు. అద్దముల పని నేర్చుకొనవలెనని తానే అడిగి, చిన్న గాజులు అరగదీయుటతో మొదలుపెట్టి, లోకములోని మిక్కిలి పెద్ద గాజునకు మేస్త్రీ ఆయెను. పనివారందఱు తెల్లని దుస్తులు ధరించి, ఆ గదికే ప్రత్యేకించిన జోళ్లు తొడిగి లోనికి పోవలెను. ముదుకపొడినుండి సన్నపొడికి మారునపుడెల్ల గదినంతటిని, యంత్రములను, నేలను కడిగి తుడువవలెను. ముదుకపొడి రవ్వ ఒక్కటి మిగిలినను గాజుమీద గీత పడును. ఆ గీతను పోగొట్టుటకు నెలలు పట్టును. ఇట్టి శుభ్రత ప్రయోగశాలలో ఉండవలెనని మేము విద్యార్థులకు చెప్పునపుడు వారికి అది ఉపాధ్యాయుల చాదస్తముగా తోచుచున్నది!

అరగదీయుటకు మొత్తము 31 టన్నుల రాపిడిపొడి పట్టినది. గాజులో ఐదు టన్నులకు పైగా అరిగిపోయినది. తుదకు మిగిలిన దర్పణము బరువు పదునాలుగున్నర టన్నులు. ఆ పల్లము ఎంత లోతో తెలియునా? నడుమ నాలుగు అంగుళములకు కొంచెము తక్కువ. వెడల్పు పదునాఱడుగులు దాటిన పళ్లెమునకు నాలుగు అంగుళముల లోతు! మొదట దానిని గోళములో ఒక ముక్కవలె అరగదీసిరి. అది సులభము, ఏలయన రెండు గాజులను అన్నిదిక్కుల రుద్దినచో అవి తమంత తామే గోళాకారమునకు వచ్చును. కాని దూరపు నక్షత్రమునుండి వచ్చు సమాంతర కిరణములను ఒక్క బిందువున చేర్చునది గోళము కాదు, పరవలయాకారము. ఈ రెండాకారములను నడుమ ఒకటిగా కలిపి చూచినచో అంచున వచ్చు భేదము అంగుళములో వేయింట ఐదు భాగములు. అనగా మనము వ్రాసికొను కాగితపు మందముకంటె కొంచెము హెచ్చు. ఐదు టన్నుల గాజు తీసినపిమ్మట, ఆ కాగితపు మందమును సరిచేయుటకే అసలైన కాలము పట్టెను. అప్పుడు రాపిడిపొడి కాదు, గట్టి కీలు పూసిన పనిముట్టును, బంగారుపనివారు మెఱుగునకు వాడు ఎఱ్ఱని ఇనుపతుప్పుపొడిని వాడుదురు.

తుదకు కావలసిన నిర్దుష్టత అంగుళములో పదిలక్షల భాగములలో రెండు భాగములు. ఇది మాటలలో పట్టుబడదు. ఆ దర్పణమును హైదరాబాదునుండి బెజవాడ దాటి ఏలూరువఱకు పోవునంత, అనగా సుమారు 200 మైళ్ల వెడల్పునకు పెంచితిమనుకొనుడు. అప్పుడు ఆ మైదానమంతటిలో ఒక వడ్లగింజ మందముకంటె ఎత్తైన మిట్టగాని, అంతకంటె లోతైన పల్లముగాని ఉండరాదు.

ఇంత సూక్ష్మమును కొలుచు కొలబద్ద ఏది? తెలివిగల విద్యార్థి ఇక్కడ ఆగి ప్రశ్నింపవలెను. ఏ లోహపు కొలబద్దయు చాలదు. దర్పణమును కొలుచునది వెలుతురే. ఫ్రాన్సు దేశస్థుడైన ఫూకో పంతొమ్మిదవ శతాబ్దమధ్యమున కనిపెట్టిన పద్ధతి యిది. ఖర్చు అణాలలో, సూక్ష్మత లక్షలలో. గోళాకారపు దర్పణమును నిలువుగా నిలిపి, దాని వక్రతాకేంద్రమున సూదిబెజ్జమంత దీపమును పెట్టుదురు. కిరణములన్నియు దర్పణమునకు తగిలి మరల ఆ దీపము ప్రక్కనే ఒక్క బిందువున చేరును. ఆ బిందువునకు వెనుకను కన్ను నుంచి చూచినచో దర్పణమంతయు పున్నమిచంద్రునివలె వెలుగును. అప్పుడు క్షౌరపు కత్తి అంచును ఆ బిందువునకు అడ్డముగా మెల్లగా జరుపవలెను. దర్పణము నిర్దుష్టమైనచో వెలుతురంతయు ఒక్కసారి, సమముగా మాసిపోవును. ఎక్కడనైనను మిట్టపల్లములున్నచో ఆ చోట కిరణములు దారి తప్పును గనుక, అవి కత్తికి ముందుగానో వెనుకగానో చిక్కును. దర్పణముమీద నీడలు తేలును. సాయంకాలపు యెండలో గుట్టల నీడలు పొడవుగా సాగినట్లు, కంటికి కానరాని మిట్ట అక్కడ కొండవలె కనబడును. పరవలయాకారమునకు ఒక్క బిందువు ఉండదు. నడుమకు ఒకటి, అంచునకు ఒకటి, మధ్యభాగములకు వేఱువేఱు. కావున దర్పణమును వలయములుగా విభజించి, ఒక్కొక్క వలయపు బిందువు గణితము చెప్పినచోట నున్నదా యని కొలువవలెను.

ఈ ప్రయోగమును చిన్న పుటాకారదర్పణముతో మన పాఠశాలలోనే చేయవచ్చును. దర్పణముమీద ఒక నిమిషము వ్రేలుపెట్టి తీసి, మరల కత్తి అంచున చూచినచో, వ్రేలు పెట్టినచోట ఒక మిట్ట లేచి యుండును! చేతి వెచ్చదనమునకు గాజు పెరిగినదన్నమాట. అది చల్లారుచుండగా మిట్ట మెల్లగా క్రుంగిపోవుట చూడవచ్చును. ఒక్క వ్రేలికే ఇంత అయినచో, గంటలకొలది మెఱుగుపెట్టిన 200 అంగుళముల దర్పణమునకు రాపిడివేడివలన ఎంత కావలెను? అందుచేత పాసడీనాలో ఒకసారి మెఱుగుపెట్టినపిదప దర్పణమును నిలువుగా త్రిప్పి, గదిలోని గాలియు గాజును ఒక్క వేడికి వచ్చువఱకు ఊరక కాచుకొని యుండెడివారు. దీపమునకును దర్పణమునకును నడుమ దూరము 110 అడుగులు; ఆ గాలి కదలినను నీడలు కదలును. మెఱుగు కొంచెము, కాచుకొనుట మెండు, కొలుచుట మెండు, లెక్కవేయుట మెండు; మరల మెఱుగు కొంచెము. తొందరపడి ఒకచోట ఎక్కువగా తీసినచో దానిని మరల పెట్టుటకు వీలులేదు. తక్కిన గాజునంతటిని ఆ పల్లమువఱకు దింపవలసి యుండును.

ఈలోపల పాలొమార్ కొండమీద, సుమారు 5,500 అడుగుల యెత్తున, భవనము లేచెను. లాస్ ఏంజెలిసు నగరపు దీపముల కాంతి విల్సన్ కొండమీది ఆకాశమును అప్పటికే పాడుచేయుచుండెను గనుక ఈ దూరపు కొండను ఎంచుకొనిరి. గుమ్మటము వెడల్పు 137 అడుగులు. తిరుగు భాగము సుమారు వేయి టన్నులు. గోడలు రెండు పొరలు. పగటివేడి లోనికి పోకుండుటకు. యంత్రములో కదలు భాగము 530 టన్నులు. ఇంత బరువును భూమి తిరుగుటకు సరిపోవునట్లు త్రిప్పుటకు ఒక అశ్వశక్తిలో పండ్రెండవవంతు మోటారు చాలునన్నచో నమ్మశక్యము కాదు. రహస్యమేమనగా, గుఱ్ఱపులాడము ఆకారముగల పెద్ద ఇరుసు చక్రములమీద ఆనదు. గట్టిగా పంపుచేసిన నూనెపొరమీద తేలును. ఇనుము ఇనుమును తాకదు.

ఇందులో మాకు మిక్కిలి నచ్చిన యుక్తి మార్క్ సెరూరియర్ అను యువక యంత్రకారునిది. గొట్టము ఎంత గట్టిదైనను పండుకొని వంగినపుడు దాని కొనలు బరువునకు కొంచెము క్రుంగక మానవు. తక్కినవారు క్రుంగకుండ చేయుట ఎట్లని ఆలోచించుచుండగా, ఈయన రెండు కొనలను సమముగా, సమాంతరముగా క్రుంగనిచ్చెను. రెండును ఒక్కతీరున దిగినచో వాని మధ్య సంబంధము చెడదు గదా! తరువాత నిర్మింపబడిన అనేక దూరదర్శినులు ఈ పద్ధతినే అనుసరించినవి. దర్పణము సిద్ధము కాకమునుపు దాని స్థానమున అంతే బరువుగల కాంక్రీటు పలకను బిగించి యంత్రమును తూచి చూచుకొనిరి.

హేల్ ఇదంతయు పూర్తియగుట చూడలేదు. చిరకాలము వ్యాధిగ్రస్తుడై, 1938 ఫిబ్రవరి 21న మరణించెను. అప్పటికి దర్పణము పాసడీనాలో సగము అరిగి యుండెను. పిదప రెండవ ప్రపంచయుద్ధము వచ్చి పనిని నిలిపివేసెను. యుద్ధము ముగిసినపిమ్మట మరల మొదలుపెట్టి, 1947 అక్టోబరులో మెఱుగు చాలునని నిశ్చయించిరి. నవంబరు 18న దర్పణమును మోటారుబండిమీద ఎక్కించి, మంచుతో కూడిన వానలో కొండయెక్కించి, మఱునాడు గుమ్మటమునకు చేర్చిరి.

అప్పటికి అది దర్పణము కాదు, వట్టి గాజు. వెలుతురును మరలించునది దానిమీది లోహపుపూత. పూర్వము వెండిని పూసెడివారు. అది త్వరలో నల్లబడును. జాన్ స్ట్రాంగ్ అను శాస్త్రజ్ఞుడు గాలి తీసివేసిన పెట్టెలో అల్యూమినియమును ఆవిరిచేసి గాజుమీద పట్టించు పద్ధతిని ఏర్పఱచెను. గాజు అతిశుభ్రముగా ఉన్నగాని పూత నిలువదు. శుభ్రము చేయుటకు ముందు ఆయన ఆ దర్పణమునకు తలకు రాచుకొను నూనెను పూసి తుడిపించెనని చెప్పుదురు. చూచినవారికి గుండె ఆగియుండును! పూత మందమునుబట్టి మేము లెక్కవేయగా, దర్పణమంతటికిని పట్టిన అల్యూమినియము అర తులమునకు మించదు. ఆ అర తులమును సరియైన ఆకారమున నిలుపుటకే పదునాలుగున్నర టన్నుల గాజును, 530 టన్నుల ఇనుమును, ఇరువది యేండ్ల శ్రమయును.

1947 డిసెంబరు 21వ తేదీ రాత్రి మొదటిసారిగా నక్షత్రకాంతి దానిమీద పడినది. 1948 జూన్ 3న గొప్ప సభ జరిపి దానికి హేల్ దూరదర్శిని అని పేరిడిరి. వార్తాపత్రికలు చదివిన లోకులు పని ముగిసినదనుకొనిరి. కాని అది ముగియలేదు. నక్షత్రము చుక్కవలె నుండవలసినచోట చుక్కవలె లేదు.

నక్షత్రశాల అధ్యక్షుడైన ఐరా బోవెన్ ఏడాదికి పైగా ఆ దోషములను ఒక్కొక్కటిగా వెదకెను. ఆయన ఒక తెఱకు వరుసగా రంధ్రములు చేసి, దానిని వెలుతురుదారిలో నిలిపి, నాభికి కొంచెము ఇవతల నక్షత్రము ఫోటోగ్రాఫు తీసెను. దర్పణములో ఏభాగమునుండి వచ్చిన కిరణము ఎక్కడ పడినదో ఆ చుక్కలవలన తెలియును. చుక్క తన స్థానమునుండి జరిగినచో ఆ భాగము వంకర. మొదటి దోషము ఆనికలలో కనబడెను. దర్పణము వెనుకను 36 ఆనికలున్నవి. గొట్టము ఎటు వంగినను ప్రతి ఆనికయు తన వంతు బరువునే మోయవలెను; ఎక్కువ మోసినచో గాజును లోనికి నెట్టును. వాని కీళ్లలో రాపిడి యుండి సులభముగా ఆడకపోయెను. వానిని విప్పి సరిచేయవలసి వచ్చెను. ఇంకను మిగిలిన స్వల్పపు వంకరకు బోవెన్ చేసిన చికిత్స వినదగినది: చేపలు తూచు స్ప్రింగు త్రాసులు నాలుగు తెచ్చి, వానితో దర్పణమును వెనుకనుండి తగినంత లాగించెను. అరువదిలక్షల డాలర్ల యంత్రమునకు బజారు త్రాసు! పనికి వచ్చునది ఏదో దానిని వాడుటకు ఆ పండితుడు సిగ్గుపడలేదు. రెండవ దోషము వేడిది. పైరెక్స్ గాజైనను అంచు ముందుగా చల్లారుచుండెను. దానికి విద్యుత్తు పంకాలను అమర్చిరి.

మూడవది గాజులోనే యున్న దోషము. దర్పణపు వెలుపలి అంచున సుమారు 18 అంగుళముల మేర కావలసినదానికంటె రవంత ఎత్తుగా ఉన్నదని తేలెను. పల్లమైనచో పెద్ద ఆపద. మిట్ట గనుక తీయవచ్చును. 1949 వేసవిలో దర్పణమును గొట్టమునుండి దింపి, డాన్ హెండ్రిక్స్ అను నిపుణుడు గుమ్మటములోనే చిన్న పనిముట్లతో ఆ అంచును మెఱుగుపెట్టెను. కొంచెము రుద్దుట, మరల బిగించి నక్షత్రముమీద పరీక్షించుట, మరల దింపుట. ఆ సంవత్సరాంతమునకు బోవెన్ తృప్తిపడెను. అంతకుముందే 1949 జనవరి 26న హబుల్ దానితో మొదటి పటమును తీసియుండెను; ఆయన చాలకాలముగా ఎఱిగిన ఒక చంచల నీహారికనే అందుకు ఎంచుకొనెను. నవంబరునుండి శాస్త్రజ్ఞులు వంతులవారీగా గొట్టము పైకొనయందలి చిన్న పంజరములో కూర్చుండి, చలిలో రాత్రులంతయు పనిచేయ మొదలిడిరి.

సభ జరిగినపిమ్మటను ఇంత శ్రమ ఏల పడవలెను, నక్షత్రములు కనబడుచున్నవి గదా అని ఎవరైనను అడుగవచ్చును. దానికి సమాధానము వాల్టర్ బాడే పనిలో ఉన్నది. ఆండ్రోమెడా దూరమునుబట్టి లెక్కవేసి, అందు ఒకజాతి చంచల నక్షత్రములు 200 అంగుళముల దర్పణమునకు కొంచెములో కనబడవలెనని ఆయన ఎదురుచూచెను. పలకలమీద అవి కనబడలేదు. దర్పణము నమ్మదగినది కానిచో, “అంచు వంకర, అందుచేత కనబడలేదు” అని ఊరకుండవలసినదే. దర్పణము నిర్దుష్టమని తెలిసియున్నది గనుక, తప్పు లెక్కలో ఉన్నదని బాడే ధైర్యముగా చెప్పగలిగెను. ఆండ్రోమెడా అనుకొనినదానికి సుమారు రెట్టింపు దూరమున నున్నదనియు, దానితోపాటు తక్కిన దూరములన్నియు రెట్టింపగుననియు 1952లో రోమునగరపు సభలో ప్రకటించెను. కనబడనిదానినుండి అంత పెద్ద సంగతిని రాబట్టుటకు ముందు, చూచుకన్నుమీద సందేహముండరాదు. 1963లో మార్టెన్ ష్మిట్ నక్షత్రమువలె కనబడు ఒక చుక్క కాంతిని ఈ యంత్రముతోనే విడదీసి చూచి, అది నక్షత్రము కాదనియు, అతిదూరమున నుండి మహాతేజస్సుతో వెలుగు వేఱొక పదార్థమనియు తెలిసికొనెను. క్వేజార్లు అను పేర ఇప్పుడు ప్రసిద్ధములైనవి అవియే.

తెలుగునాటితో సంబంధముగల సంగతి యొకటి చెప్పవలసి యున్నది. వైణు బప్పుగారు 1927లో మదరాసున జన్మించి హైదరాబాదున పెరిగిరి. వారి తండ్రిగారు అక్కడి నిజామియా వేధశాలలో ఉద్యోగి. నిజాం కళాశాలలో చదివి, హార్వర్డున పట్టము పొంది, విల్సన్, పాలొమార్ వేధశాలలలో పరిశోధకులుగా పనిచేసిరి. అక్కడి ఓలిన్ విల్సన్ తో కలిసి వారు కనిపెట్టిన నక్షత్రకాంతి నియమమునకు ఇద్దఱి పేర్లును కలిపి వాడుచున్నారు. స్వదేశమునకు తిరిగివచ్చి, తమిళనాటి కావలూరున వేధశాల నెలకొల్పి, పెద్ద దర్పణము మన దేశమునందే అరగదీయబడవలెనని పట్టుపట్టిరి. గాజుపలక విదేశమునుండి వచ్చినను ఆకారము మనవారి చేతులతోనే వచ్చినది. అది 93 అంగుళముల దర్పణము. బప్పుగారు 1982లో గతించిరి. దూరదర్శిని 1986లో వారి పేర వెలసెను. హేల్ వలెనే వారును దానిగుండ చూడలేదు.

దిమ్మలు తేలిన మొదటి పలక ఇప్పటికిని కార్నింగ్ పట్టణములోని గాజువస్తు ప్రదర్శనశాలలో నిలిచియున్నది. చూడబోయినవారు దాని వెనుకవైపున ఊడిపోయిన దిమ్మల గుర్తులను వెదకి చూతురు.